శభాష్ అంటేగాని వదలని కుక్కపిల్ల

ఆ రోజుల్లో మా ఇళ్లలో పిల్లల్ని మెచ్చుకునేవాళ్లు కారు. ఇప్పుడు మనవడు ఒక ముద్ద మింగితే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడుతున్నారు, చెప్పు సరైన కాలికి వేసుకుంటే ఫొటో తీస్తున్నారు. మా పెద్దవాళ్ల లెక్క వేరు. మొహం మీద పొగిడితే ఆయుక్షీణమనీ, దిష్టి కొడుతుందనీ వాళ్ల గట్టి నమ్మకం. అందుకని ఎవరి మీద ఎంత ప్రేమ ఉంటే వాళ్లని అంత ఎక్కువగా తిట్టేవాళ్లు. (ఆ లెక్కన చూస్తే నా అంత గారాబంగా పెరిగినవాడు కృష్ణా జిల్లాలో ఇంకొకడు ఉండడు.) ఈ విషయంలో మా మావయ్యది అందరినీ మించిన నిష్ఠ. ఎవరు ఎంత గొప్ప పని చేసి చూపించినా ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే మాట, "ఊఁ." అది కూడా బాగా నచ్చితేనే.

మావయ్యకి పెడనలో కాలవ పక్కన అద్దకాల షెడ్డు ఉండేది. చెక్క అచ్చులతో గుడ్డల మీద లతలు, నెమళ్లు అద్దే పని. మాది గుడివాడ, నాన్న బడిపంతులు. నేను స్కూలు ఫైనలు ఎలాగో గట్టెక్కాను. ఆ తర్వాత నన్ను ఏం చెయ్యాలో ఎవరికీ తోచక, పని నేర్చుకుంటాడని మావయ్య దగ్గరికి పంపించారు. ఊళ్లోకి అప్పుడే కరెంటు స్తంభాలు వచ్చాయి, దీపాలు ఇంకా రాలేదు. నా పరిస్థితీ అదే. నిలబడ్డాను గాని వెలగలేదు. మావయ్య నా చేతికి అచ్చు ఇవ్వలేదు. "ముందు గుడ్డలు కాపలా కాయి, తర్వాత చూద్దాం," అన్నాడు. అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, కాలవగట్టున ఆరేస్తారు. పాలు పట్టని గుడ్డ మీద రంగు నిలవదు, పక్కకి పాకిపోతుంది. ఆ పాల వాసనకి కాకులు, మేకలు, ఊరకుక్కలు వస్తాయి. వాటిని తోలడం నా ఉద్యోగం. స్కూలు ఫైనలు ప్యాసైనవాడికి తగిన పనే అని అత్తయ్య నవ్వేది. నేను మాత్రం నాలో ఏదో గొప్ప విద్య దాగి ఉందనీ, ఏ రోజుకైనా అది బయటపడి, మావయ్య నలుగురి ముందూ "వీడికి పని వచ్చు" అని ఒప్పుకుంటాడనీ గట్టి నమ్మకంతో ఉండేవాణ్ని. నాకు మొదటి నుంచీ నామీద నమ్మకానికి లోటు లేదు.

అలాంటి రోజుల్లో దివిసీమ నుంచి తుపాకీ తాతయ్య వచ్చాడు. మావయ్యకి పినతండ్రి వరస. చలికాలంలో పాలకాయతిప్ప వైపు మడుగుల్లో దిగే నీటిబాతుల్ని కొట్టడం ఆయన సరదా. ఇంట్లో ఆయన్ని అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. ఆయన భుజాన ఉండాల్సిన తుపాకీకి బదులు చంకలో ఒక కుక్కపిల్ల ఉంది. తెల్లగా, ఒక చెవి మాత్రం నల్లగా, ప్రపంచంలో దేనితోనూ తనకి పని లేనట్టు నిద్రపోతోంది. ముసలి కుక్క పోయిందట, దీన్ని తెచ్చుకున్నాడట, నీళ్లలో పడ్డ పిట్టని నలగకుండా నోట కరుచుకుని తేవడం దీనికి నేర్పాలట, ఇంట్లో పాలేర్లు కర్రతో నేర్పబోతే అది మంచం కిందికి దూరి రెండు రోజులు బయటికి రాలేదట.

"నేను నేర్పుతానండి," అన్నాను.

మావయ్య తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "వీడా. వీడికి మజ్జిగన్నం కలుపుకోవడమే సరిగా రాదు బాబాయ్."

తాతయ్య మాత్రం నవ్వి కుక్కపిల్లని నా చేతుల్లో పెట్టాడు. "ఒరేయ్ మనవడా, ఒక్కటే గుర్తుపెట్టుకో. తేవడం ఎవరూ నేర్పక్కర్లేదు, అది దాని పుట్టుకలోనే ఉంది. తేవడంలో సంతోషం ఉందని దానికి తెలియాలి, అంతే. అది ఏం తెచ్చినా, ఎక్కణ్నుంచి తెచ్చినా, తెచ్చినప్పుడు మెచ్చుకో. తెచ్చినందుకు ఒక్కసారి కసురుకున్నావా, ఇక జన్మలో నీకు పుల్ల కూడా తేదు." తర్వాత మావయ్య వైపు తిరిగాడు. "పిట్టలు దిగే వేళకి వస్తా. ఇది పనికొచ్చేట్టయితే తీసుకెళ్తా. అప్పుడు నీ మేనల్లుడికి ఒక పని వచ్చని నలుగురి ముందూ నీ నోటితో అనాలి."

మావయ్య చాలాసేపు ఆలోచించి, "ఊఁ," అన్నాడు.

నాకింకేం కావాలి. అత్తయ్య దాని రంగు చూసి "పటిక" అని పేరు పెట్టింది. (రంగుల్లో వేసే పటిక షెడ్డులో బస్తాలకొద్దీ ఉండేది. అత్తయ్యకి పేరు కోసం దూరం వెళ్లే అలవాటు లేదు.) మర్నాటి నుంచే పాఠాలు మొదలుపెట్టాను. పాతగుడ్డలతో బంతి చుట్టి, గట్టు మీద నిలబడి, దొరల ఫొటోల్లో చూసిన పద్ధతిలో చెయ్యి ఊపి విసిరాను. పటిక బంతి వైపు చూసింది, నా వైపు చూసింది, పారేసుకున్నవాడివి నువ్వే కాబట్టి తెచ్చుకోవలసిందీ నువ్వే అన్నట్టు తోక ముడుచుకుని కూర్చుంది. వెళ్లి తెచ్చుకున్నాను. మళ్లీ విసిరాను, మళ్లీ తెచ్చుకున్నాను. వారం తిరిగేసరికి ఆ విద్యలో నేను ఆరితేరాను. కాలవలో బిందె ముంచుకుంటున్న ఆడవాళ్లు, "పిల్లాడికి బాగానే వచ్చిందే, ఇంతకీ నేర్పేది ఆ కుక్కేనా," అని అడిగారు.

చేసి చూపిస్తే నేర్చుకుంటుందని ఒక పూట మోకాళ్ల మీద వంగి, బంతిని నోట కరుచుకుని, పటిక ముందుకి పాకుతూ వెళ్లాను. అదే సమయానికి అత్తయ్య సద్దిమూట పట్టుకుని వచ్చింది. కాసేపు అలాగే నిలబడి చూసి, మూట అక్కడే పెట్టి, "ఏమండీ, మా ఆడపడుచుకి కబురు పెడదామా," అని మావయ్యని కేకేస్తూ షెడ్డులోకి వెళ్లిపోయింది. తర్వాత ఎండుచేప ప్రయోగం చేశాను. గిలకలదిండి నుంచి అమ్మకానికి వచ్చిన ఎండుచేపని దారానికి కట్టి విసిరితే పటిక బాణంలా దూసుకుపోయింది. నా గుండె ఉప్పొంగింది. అది మాత్రం చేపని అక్కడే కూర్చుని తిని, దారం పక్కన ఉమ్మేసి, చింతచెట్టు నీడకి పోయి పడుకుంది. పరుగెత్తడం వచ్చిందనీ, తేవడం ఒక్కటే మిగిలిందనీ ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. మావయ్య పెరుగన్నం కలుపుకుంటూ నావైపు చూడను కూడా లేదు.

అసలు సంగతి అనుకోకుండా తెలిసింది. ఒకరోజు ఆరేసిన గుడ్డల మీద కాకి వాలబోతే, చేతికి ఏదీ దొరక్క, పాలు పట్టించిన గుడ్డ అంచు నుంచి కత్తిరించి పారేసిన ముక్కని ఉండ చుట్టి విసిరాను. కాకి ఎగిరిపోయింది. కాని నా పక్క నుంచి తెల్లటిదేదో రివ్వున పోయింది. చూస్తే పటిక. ఆ ఉండని రెండు పెదాల మధ్య పెట్టుకుని, పాలు తాగే పసిపిల్లలా కళ్లు సగం మూసుకుని, చెవులు ఎగరేసుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. తాతయ్య చెప్పింది గుర్తొచ్చి, తల నిమిరి, "శభాష్ నాయనా," అన్నాను. గుడ్డ నా చేతిలో వదిలింది. పంటి గాటు ఒక్కటి లేదు. ఆ క్షణంలో దాని తోకే కాదు, ఒళ్లంతా ఊగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. మెచ్చుకుంటే ఒక ప్రాణి ఇంతగా వెలిగిపోతుందని నేను అంతవరకు ఎక్కడా చూడలేదు.

అప్పటి నుంచి ఆ గుడ్డ ఉండ ఎప్పుడూ నా మొలలో ఉండేది. గట్టు మీద విసిరితే తెచ్చింది, జమ్ముగడ్డిలోకి విసిరితే తెచ్చింది, కాలవలోకి విసిరితే ఈదుకుంటూ వెళ్లి తెచ్చింది. ఒక్కటే షరతు. తల నిమిరి "శభాష్ నాయనా" అనాలి, అదీ మనసారా అనాలి. అప్పటిదాకా వదలదు. పరధ్యానంగా అంటే వినిపించనట్టు కూర్చుంటుంది. పోనీ అని లాగబోతే అదొక ఆట అనుకుని కాళ్లు తన్నిపట్టి తనూ లాగుతుంది. ఇంతటి శిష్యురాలిని తయారుచేసిన గురువుకి ఎంత గర్వం ఉండాలో అంతకి రెండింతలు నాకుండేది. కుక్కల్ని తోలడానికి జీతం లేని ఉద్యోగంలో ఉన్నవాణ్ని, పాలు పట్టిన గుడ్డని మించిన ఆనందం లోకంలో లేదని ఒక కుక్కకి నేర్పుతున్నానన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. అంత నమ్మకంలో ఉన్నవాడికి అలాంటి చిన్న విషయాలు తోచవు.

వానలు వెనకబట్టాక ఎండ కాసిన మొదటి రోజు. బొంబాయి వర్తకుడికి పంపాల్సిన దిండు గలేబుల కోసం కత్తిరించిన ముక్కలన్నీ మావయ్య తెల్లవారుజామునే తన చేతులతో పాలలో ముంచి, గట్టు పొడుగునా పరిచాడు. తర్వాత నులకమంచం వాల్చుకుని కూర్చున్నాడు. నన్ను కాలవలో నడుంలోతు నీళ్లలోకి దింపారు, అంతకుముందు అద్దిన దుప్పట్లు జాడించడానికి. అంటే నేను పటిక పక్కన లేను. మావయ్య చేతులు, ఉత్తరీయం, పంచె, అన్నీ గుమగుమలాడే గేదెపాల వాసన. ఇక మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి ముక్క తెచ్చి మావయ్య కాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ఇంకా కునుకులో ఉన్నాడు. కళ్లు తెరిచి చూసి, "ఛీ" అని మొదలుపెట్టబోయాడు. నీళ్లలోంచి కేక పెట్టాను. "తిట్టకండి మావయ్యా. ఇప్పుడు తిడితే జన్మలో ఏదీ తేదండి."

"తేకపోతే మంచిదే కదరా," అన్నాడు. అన్నమాట న్యాయమే. అంటూనే గుడ్డ పట్టుకుని లాగాడు. పటిక సంబరంగా అటు లాగింది. పర్రుమని అంచు కొంచెం చిరిగింది. మావయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"లాగితే వదలదండి. తల నిమిరి, శభాష్ నాయనా అనాలండి."

షెడ్డులో అచ్చుల చప్పుడు ఆగిపోయింది. అద్దకం పనివాళ్లు ఒక్కొక్కరే తడిక దగ్గరికి వచ్చారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య వంగి, దాని తల మీద రెండు వేళ్లు ఆనించి, పళ్ల మధ్య నుంచి, "శభాష్," అన్నాడు. ఎవరినైనా శపించేటప్పుడు కూడా అంత కోపంగా అనరు. పటిక గుడ్డ వదల్లేదు. జాలిగా ఆయన వైపు చూసింది.

"అలా కాదండి. మనసారా అనాలండి," అన్నాను.

"మనసా," అన్నాడు మావయ్య. ఆ మాట ఏ భాషదో ఆయనకి తెలియనట్టుంది. అత్తయ్య ఇక ఆగలేకపోయింది. "అనండి, మీ సొమ్మేం పోతుంది. పిల్లలా మనకి లేరాయె, ఎవరిని అన్నారు గనక ఇన్నాళ్లూ," అంది. నవ్వుతూనే అంది గాని, చివరికొచ్చేసరికి గొంతు కొంచెం అటూ ఇటూ అయింది. మావయ్య ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత మంచం దిగి నేల మీద గొంతుక్కూర్చుని, అరచేయి మొత్తం పటిక తల మీద పెట్టి, చాలా మెల్లగా, "శభాష్ నాయనా," అన్నాడు.

వదిలింది. వదిలి ఒళ్లంతా ఊగిపోయి, అంత మంచి మాట అన్న మనిషికి ఇంకో ముక్క తెచ్చిపెట్టకపోతే ఎలా అని గట్టు మీదికి పరుగెత్తింది. ఆ తర్వాత జరిగింది ఆపడం ఎవరి తరమూ కాలేదు. నేను నీళ్లలోంచి ఎక్కి గుడ్డలు ఏరబోతే అది పందెం అనుకుని నాకంటే ముందు ఏరింది. నేను రెండు ముక్కలు తెస్తే అది మూడు తెచ్చింది. నేను తెచ్చినవాటికి మావయ్య ఏమీ అనలేదు, అది తెచ్చిన ప్రతిదానికీ "శభాష్ నాయనా" అన్నాడు, అనకపోతే ఇవ్వదు మరి. మొదట గొంతులో ఉన్న గరుకు నాలుగైదు గుడ్డలకే పోయింది. సగానికొచ్చేసరికి అది రాకముందే చెయ్యి చాపుతున్నాడు. ఆఖరి ముక్క అయిపోయాక పటిక ఎక్కడా ఏమీ దొరక్క ఒక తుమ్మపుల్ల తెచ్చి పెట్టింది. పుల్లతో ఆయనకేం పని. అయినా తల నిమిరి శభాష్ అన్నాడు, ఇంకెవరూ అడక్కుండానే. తడిక దగ్గర నిలబడ్డ పనివాళ్లలో కొందరు ఆయన దగ్గర తల నెరిసిపోయినవాళ్లు. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను తడి పంచెతో, చేతుల నిండా గుడ్డలతో, నా వంతు వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. "అన్నీ మళ్లీ ఉతికి, మళ్లీ పాలు పట్టించి ఆరెయ్యి," అన్నాడు మావయ్య.

ఆ రోజు నుంచి షెడ్డులో వింతలు జరిగాయి. మావయ్య మధ్యాహ్నం కునుకు మానేసి గట్టు మీద పుల్లలు విసురుతూ కనిపించేవాడు. ఎవరైనా చూస్తే చెయ్యి నొప్పి తగ్గడానికని చెప్పేవాడు. నా చేతికి ఒక చిన్న అచ్చు ఇచ్చాడు. నేను తిప్పలు పడి ఒక అంచు అద్ది చూపిస్తే మాత్రం మళ్లీ అదే, "ఊఁ." కుక్కకి దక్కిన మాట నాకు దక్కలేదని ఉడుక్కున్నాను. కాని ఎంతో దూరం లేదు, పిట్టలు దిగే కాలం వస్తోంది, తాతయ్య వస్తాడు, పటిక తెచ్చి చూపిస్తుంది, మావయ్య నలుగురి ముందూ ఒప్పుకు తీరాలి. రోజూ రాత్రి ఆ సన్నివేశం కళ్ల ముందు నడిపించుకుని నిద్రపోయేవాణ్ని.

తాతయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని కాళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగి, "ఏరా, ఎంతవరకొచ్చింది మన కుక్క చదువు," అన్నాడు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. నేను మొలలో ఉన్న గుడ్డ ఉండ మీద చెయ్యి వేశాను. ఈలోగా మావయ్య మాట్లాడాడు.

"దానికేమీ రాలేదు బాబాయ్. ఉత్త మొద్దు. తిని పడుకోవడం తప్ప ఇంకేమీ తెలీదు. తీసుకెళ్లి ఏం చేసుకుంటావ్, ఇక్కడే ఎక్కడో పడుంటుంది వదిలెయ్."

నా గొంతులోకి మాట వచ్చేసింది. అబద్ధం తాతయ్యా, చూడండి, అని గుడ్డ బయటికి తియ్యబోయి మావయ్య మొహం చూశాను. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, నా చేతి వైపే చూస్తున్నాడు. అంత భయం ఆ మొహంలో నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చెయ్యి మొలలోంచి తీసేశాను. నాకు పని వచ్చనిపించుకునే రోజు అలా నా కళ్ల ముందే దాటిపోయింది.

కాని పటికకి ఈ రాజకీయాలేం తెలుసు. అరుగు కింద తాతయ్య విప్పిన చెప్పుల్లో ఒకదాన్ని మెత్తగా కరుచుకుని, ఊగిపోతూ వచ్చి, మావయ్య కాళ్ల దగ్గర కూర్చుంది. తాతయ్య వంగి చెప్పు పట్టుకుని లాగాడు, రాలేదు. పటిక మావయ్య మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది. మావయ్య దూలాల వైపు చూశాడు, కాలవ వైపు చూశాడు, ఇక తప్పదని తెలిసి, ఎవరికీ వినిపించదనుకుని, "శభాష్ నాయనా," అని గొణిగాడు. అది వదిలింది. తాతయ్య చెప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి, పంటి గాటు లేదని చూసి, కాలికి వేసుకున్నాడు.

"నిజమేరా," అన్నాడు. "దీనికేమీ రాదు. నాకిది ఎందుకూ పనికిరాదు." అని నా భుజం తట్టి బస్సుకి వెళ్లిపోయాడు.

ఆ ఏడు చలికాలం చివర్లో నాన్న గుడివాడ నుంచి వచ్చాడు. మిల్లులో గుమాస్తా పని ఖాళీ ఉందనీ, నన్ను తీసుకెళ్తాననీ అన్నాడు. అప్పటికి నేను మూడు రంగుల అంచు చెదరకుండా అద్దుతున్నాను. ఆ ముందురోజే నేను అద్దిన గుడ్డని మావయ్య ఎండలో పట్టుకుని, నేను చూడట్లేదనుకుని, చాలాసేపు చూశాడు. ఇదంతా నాన్నకి తెలీదు.

"ఏమోయ్, వీడికి నీ పని ఏమైనా అబ్బిందా," అని అడిగాడు.

మావయ్య కాలవ వైపు తిరిగాడు. "ఏమీ రాలేదు బావగారూ. అచ్చు తిన్నగా పట్టుకోవడం కూడా రాదు. ఉత్త మొద్దు. మీరు తీసుకెళ్లి మాత్రం ఏం చేసుకుంటారు, ఇక్కడే ఉండనివ్వండి ఇంకో ఏడాది."

నాకు ఒక్కసారిగా ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది. ఆపుకోలేక నవ్వేశాను. నాన్నకి మండిపోయింది. "మొద్దంటే సిగ్గులేకుండా నవ్వుతావేంట్రా," అన్నాడు. ఆయనకి ఎలా చెప్పను. ఆ బస్సుకే ఆయన గుడివాడ వెళ్లిపోయాడు, నేను ఉండిపోయాను. ఇంకో ఏడాదికి కాదు, మావయ్య పోయేదాకా ఆ షెడ్డులోనే ఉన్నాను. నాన్న మాత్రం చివరి వరకు నేను ఎందుకూ కొరగానివాణ్ననే అనుకున్నాడు.

ఇప్పుడు నాకు సన్మానాలవీ చేస్తుంటారు. దండలు వేస్తారు, శాలువాలు కప్పుతారు, అద్దకంలో నాకు తెలియనిది లేదంటారు, అన్నీ సాధించేశానంటారు. వింటూ బుద్ధిగా తలాడిస్తాను. ఇంటికొచ్చి శాలువా మడత పెడుతుంటే మాత్రం, ఎవరైనా వచ్చి, వీడికింకా ఏమీ రాలేదండీ, ఉత్త మొద్దు, ఇంకో ఏడాది ఇక్కడే ఉండనివ్వండి అంటే బాగుండుననిపిస్తుంది.